బాణం చేసే విభక్తి పని: టాబ్లెట్ మీద బొమ్మల నోట్సు

‘శ్రీశైలం నుంచి సాగర్‌కు నీళ్ళు వదిలారు.’ ఐదు మాటల వాక్యం. ఇదే సంగతి గీసి చూపించాలంటే ఎడమవైపు శ్రీశైలం అని, కుడివైపు సాగర్ అని రాసి, మధ్యలో బాణం గీసి, దాని మీద ఒక నీటిచుక్క పెడితే అయిపోతుంది. ‘నుంచి’, ‘కు’ రెండూ బాణంలో కలిసిపోయాయి. నీళ్ళు చుక్కయ్యాయి. వదలడమనే పనిని బాణం మొన చూపిస్తోంది. తెలుగు వాక్యంలో ప్రత్యయాలూ క్రియలూ మోసే బరువులో చాలా భాగం ఒక గీత మోయగలదు. బొమ్మల నోట్సుకు కీలకం ఇదే. బొమ్మ అందంగా కుదిరిందా లేదా అన్నది తర్వాతి సంగతి. విన్నదానిలో ఏది మాటగా ఉండాలి, ఏది గీతగా మారాలి, ఏది వదిలెయ్యాలి అన్న నిర్ణయం ముందు జరగాలి.

దీనికి ఇప్పుడు అంతటా వినిపిస్తున్న పేరు స్కెచ్‌నోట్. అమెరికన్ డిజైనర్ మైక్ రోడీ ఆ పేరును బాగా వాడుకలోకి తెచ్చాడు. పద్ధతి అంతకన్నా పాతది. 1970లలోనే కాలిఫోర్నియాలో సమావేశాలు జరిగే గదుల్లో గోడకు పొడవాటి కాగితం అంటించి, మాట్లాడుతున్నదాన్ని మార్కర్లతో అక్కడికక్కడే గీసేవాళ్ళు. ఆ గోడ కాగితం ఇప్పుడు పదంగుళాల తెర మీదికి వచ్చింది. దానితోపాటు కొన్ని సౌకర్యాలు వచ్చాయి, వాటి వెనకే కాగితం మీద ఎన్నడూ లేని కొన్ని ఇబ్బందులూ వచ్చాయి. తెలుగులో రాసేవాళ్ళకు ఇంకొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి.

గీస్తే ఎందుకు గుర్తుంటుంది

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఒక్కో మాట చూపించి, కొన్నింటికి బొమ్మ గీయమన్నారు, కొన్నింటిని మళ్ళీ మళ్ళీ రాయమన్నారు. మాటకు 40 సెకన్లు. తర్వాత గుర్తున్నవి చెప్పమంటే, రాసినవాటికన్నా గీసినవే చాలా ఎక్కువ గుర్తొచ్చాయి. మరో ప్రయోగంలో గడువును 4 సెకన్లకు కుదించినా తేడా నిలిచింది. నాలుగు సెకన్లలో ఎవరూ చక్కని బొమ్మ గీయలేరు. కాబట్టి ఆ లాభం బొమ్మ నాణ్యత వల్ల వచ్చింది కాదు. గీయాలంటే ముందు ఆ మాటకు అర్థమేమిటో ఆలోచించాలి, తర్వాత దాన్ని మనసులో చూడాలి, ఆపైన చెయ్యి కదపాలి. ఒకే సంగతి మూడు దారుల్లో లోపలికి వెళ్తుంది.

అయితే ఆ ప్రయోగాల్లో వాడినవి విడివిడి మాటలు. ఉపన్యాసం అలా ఉండదు. అందులో ఒకదానివల్ల ఇంకొకటి జరుగుతుంది, రెండు పక్షాలు తగువుపడతాయి, ఒక లెక్క మూడు భాగాలవుతుంది. అందుకని మాటకొక బొమ్మ చొప్పున పేజీ నింపితే అలంకరణ మిగులుతుంది గానీ విషయం నిలవదు. ‘ఆలోచన’ అని వినపడగానే బల్బు, ‘లక్ష్యం’ అనగానే బాణమూ గురీ గీసేయడం ఈ పద్ధతిలో అన్నిటికన్నా ఎక్కువగా కనపడే పొరపాటు. గీయాల్సింది మాటల మధ్య ఉన్న సంబంధాన్ని.

ఇది పనికిరాని చోట్లూ ఉన్నాయి. చట్టంలోని సెక్షన్ల పాఠం, మందుల మోతాదులు, గణితంలో మెట్టుమెట్టుగా సాగే నిరూపణ, ప్రోగ్రామ్ కోడ్. వీటిలో ఒక్క అక్షరం తేడా వచ్చినా తప్పే. అలాంటివి మామూలుగా రాసుకుని, మొత్తం స్వరూపం కోసం పక్కన ఒక చిన్న పటం గీసుకుంటే చాలు.

పెన్ను, తెర

టాబ్లెట్ కొనేటప్పుడు అందరూ ప్రాసెసర్, మెమరీ చూస్తారు. ఈ పనికి ముందు చూడాల్సింది పెన్ను. బజారులో చవకగా దొరికే రబ్బరు మొన స్టైలస్‌ను తెర వేలిగానే గుర్తిస్తుంది. దానికి అరచెయ్యీ పెన్నూ ఒకటే. చెయ్యి తెరకు తగిలిన చోటల్లా మరకలు పడతాయి, అందుకని మణికట్టు గాలిలో ఎత్తి రాయాల్సి వస్తుంది. పావుగంటకే భుజం పట్టేస్తుంది. నోట్సుకు అది పనికిరాదు.

శాంసంగ్ ఎస్ పెన్ వెనక ఉన్నది వాకామ్ కంపెనీ సాంకేతికత. రాయడానికి కావాల్సిన శక్తిని తెరే పెన్నుకు అందిస్తుంది కాబట్టి రాతకు చార్జింగ్ అక్కర్లేదు. ఇటీవలి ట్యాబ్ ఎస్ వరుసతోనూ, ఎస్6 లైట్‌తోనూ పెన్ను డబ్బాలోనే వస్తుంది. యాపిల్ పెన్సిల్ 2015లో వచ్చింది, దానిలో బ్యాటరీ ఉంటుంది. మొదటి తరం పెన్సిల్‌ను నెలల తరబడి చార్జింగ్ పెట్టకుండా వదిలేస్తే బ్యాటరీ మళ్ళీ లేవకపోవచ్చు. వాడినా వాడకపోయినా నెలకొకసారి చార్జ్ చెయ్యాలి. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కు ఒత్తిడిని గుర్తించే గుణం లేదు. చిత్రకారులకు అది పెద్ద లోటే, నోట్సు గీసేవాళ్ళకు మాత్రం కాదు. నోట్సులో గీత మందం ఒకేలా ఉండటమే మేలు. అరచేతిని పట్టించుకోకపోవడం, మొన కదిలిన వెంటనే గీత పడటం, ఈ రెండూ ఉంటే చాలు.

కొన్ని మోడళ్ళలో, ముఖ్యంగా తక్కువ ధర ఐప్యాడ్‌లలో, పైగాజుకూ లోపలి తెరకూ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. పక్క నుంచి చూస్తూ రాస్తే మొన ఒకచోట, గీత దానికి కాస్త పక్కన కనిపిస్తుంది. ఇంగ్లీషు రాసేటప్పుడు ఇది పెద్దగా తెలియదు. తెలుగులో ఒత్తు పెట్టేటప్పుడు తెలుస్తుంది, కింద తగలాల్సిన ఒత్తు పక్కకు జరుగుతుంది. టాబ్లెట్‌ను కొంచెం ఏటవాలుగా నిలిపి, కంటికి ఎదురుగా ఉంచుకుంటే చాలావరకు పోతుంది.

తెర మీద గరుకు ఫిల్మ్ వేయాలా వద్దా అన్నదానికి తెలుగు రాసేవాళ్ళ విషయంలో జవాబు సూటిగానే ఉంది, వేయాలి. నున్నటి గాజు మీద నిలువు గీతలు బాగానే వస్తాయి గానీ, గుండ్రటి అక్షరాలు జారి పెద్దవవుతాయి. దానికి చెల్లించే మూల్యం రెండు రకాలు. తెర స్పష్టత కాస్త తగ్గుతుంది, పెన్ను మొన త్వరగా అరుగుతుంది. అరిగిన మొన అంచు గరుకుగా తగలగానే మార్చేయాలి, లేదంటే ఫిల్మ్ మీద గీతలు పడతాయి.

యాప్‌ల సంగతి. ప్రోక్రియేట్, క్రిటా, ఐబిస్ పెయింట్ లాంటివి బొమ్మల యాప్‌లు, లేయర్లూ (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి పొరలు) కుంచెలూ వాటి బలం. గుడ్‌నోట్స్, నోటబిలిటీ, శాంసంగ్ నోట్స్ నోట్సు యాప్‌లు. పేజీలు తిప్పడం, పీడీఎఫ్ మీద రాయడం వాటిలో సులువు. నోటబిలిటీలోనూ శాంసంగ్ నోట్స్‌లోనూ మాటలు రికార్డ్ చేస్తూ రాస్తే, తర్వాత వింటున్నప్పుడు ఏ మాట దగ్గర ఏం రాశామో అదే చూపిస్తుంది (రికార్డ్ చేసేముందు మాట్లాడేవాళ్ళ అనుమతి అడగాలి). కాన్సెప్ట్స్, ఫ్రీఫామ్ లాంటివి అంచులు లేని కాగితాలు. తరగతిలో కూర్చుని గీయడానికి నోట్సు యాప్, తీరిగ్గా పదిమందికీ పంచేలా గీయడానికి బొమ్మల యాప్ మంచివి. అంచులేని కాగితం మొదలుపెట్టేవాళ్ళకు మంచిది కాదు. చోటు అయిపోతోందన్న భయం లేకపోతే ఏది వదిలెయ్యాలన్న ఆలోచనే రాదు.

పేజీ కొలతలు

చాలామంది నోట్సు చెడేది ఇక్కడే, గీత మొదలవకముందే. ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది చివరికి ఎక్కడ చదువుతారు?

అచ్చు వేయాలంటే ఏ4 అడ్డం, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 3508 × 2480 పిక్సెళ్ళు. ఈ కొలతలో ఒక మిల్లీమీటరుకు సుమారు 12 పిక్సెళ్ళు. మామూలు రాత అక్షరం ఎత్తు 5 మిల్లీమీటర్లు, అంటే 60 పిక్సెళ్ళు. గీత మందం 6 నుంచి 8. శీర్షిక 15 మిల్లీమీటర్లు, 180 పిక్సెళ్ళు.

ఇదే పేజీని వాట్సాప్‌లో పంపితే ఏమవుతుందో చూడండి. 297 మిల్లీమీటర్ల వెడల్పు పేజీ ఫోనులో 68 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. 5 మిల్లీమీటర్ల అక్షరం ఒకటికి కాస్త పైన మిగులుతుంది, ఒత్తులు చుక్కలైపోతాయి. ఫోనులో చదివేదైతే మొదటి నుంచీ నిలువు పేజీ తీసుకోవాలి. 1080 × 1920 పిక్సెళ్ళు, అక్షరం ఎత్తు 50 పిక్సెళ్ళకు తగ్గకూడదు. ఫోను తెర మీద అది 3 మిల్లీమీటర్లు. పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి, సన్న గీతల అంచులు చెదరగొడుతుంది.

రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని రాసే అలవాటు టాబ్లెట్‌కే ప్రత్యేకమైన జబ్బు. పెద్దది చేసి రాస్తే రాత చక్కగా వస్తున్నట్టుంటుంది. మళ్ళీ మొత్తం పేజీ చూస్తే ఆ మూల చీమల బారు కనిపిస్తుంది. ఒక మూల అక్షరం 30 పిక్సెళ్ళు, ఇంకో మూల 90, అంటే ఏది ముఖ్యమో చెప్పే సూచన పోయినట్టే. గీసినంతసేపూ మొత్తం పేజీ కనపడుతూ ఉండాలి. పెద్దది చేయడం తప్పులు దిద్దేటప్పుడే.

లేయర్లు నాలుగు చాలు. అడుగున కాగితం రంగు, దాని మీద రంగుల లేయర్, ఆపైన బొమ్మల గీతలు, అన్నిటికీ పైన రాత. రంగులు గీతల కింద ఉంటాయి కాబట్టి ఎంత తొందరగా పులిమినా గీత మాసిపోదు. బొమ్మనూ రాతనూ వేరుగా ఉంచడానికి ఇంకో కారణం ఉంది, చివర్లో వస్తుంది. ఈ నాలుగు లేయర్లూ, మూడు కుంచెలూ, మూడు రంగులూ సిద్ధంగా ఉన్న ఖాళీ ఫైలు ఒకటి దాచుకుని, ప్రతిసారీ దాని నకలు తెరవాలి. ఉపన్యాసం మొదలయ్యాక కుంచెలు వెతుక్కుంటే మొదటి ఐదు నిమిషాలూ పోతాయి. వక్త తన మొత్తం వాదనను చెప్పేది చాలాసార్లు ఆ ఐదు నిమిషాల్లోనే.

మూడు రంగులంటే ఒక ముదురు రంగు, ఒక మెరిసే రంగు, నీడలకు లేత బూడిద. ఎరుపు చెడు, ఆకుపచ్చ మంచి అని పెట్టుకోకండి. ఆ రెండు రంగుల తేడా కనపడని మగవాళ్ళు తక్కువేమీ కాదు. నీలం, నారింజ పెట్టుకుంటే ఆ చిక్కు ఉండదు.

తెలుగు అక్షరంతో వచ్చే చిక్కులు

బొమ్మల నోట్సు నేర్పే పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషు రాతను దృష్టిలో పెట్టుకున్నవి. శీర్షికలు పెద్దబడి అక్షరాల్లో రాయండి అనేది వాటిలో మొదటి సలహా. తెలుగులో పెద్దబడి, చిన్నబడి లేవు. అందుకని ఏది శీర్షిక, ఏది వివరం అన్నది పరిమాణం, గీత మందం, రంగు, ఈ మూడింటితోనే చెప్పాలి. శీర్షిక మామూలు అక్షరానికి మూడింతలు, ఉపశీర్షిక ఒకటిన్నర రెట్లు, వివరం మామూలు కొలత. నాలుగో కొలత వద్దు.

వరుసల మధ్య ఎడం రెండో సంగతి. రాష్ట్రం అని రాసి చూడండి. ష కింద ట ఒత్తు, దాని పక్కన ర ఒత్తు. పైన దీర్ఘం. కింది వరుసలో గుడిదీర్ఘం వస్తే పైవరుస ఒత్తుకు తగులుతుంది. ఇంగ్లీషుకు అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్ల ఎడం చాలు, తెలుగుకు రెండు రెట్లకు తగ్గకూడదు. 60 పిక్సెళ్ళ అక్షరమైతే గీతకూ గీతకూ మధ్య 120 నుంచి 130. యాప్‌లో గైడ్ గీతలు పెట్టుకునే వీలుంటే ఈ అంకెతో పెట్టుకోవాలి.

అడుగున గీత గీయకూడదు. ‘శ్రీశైలం’ కింద గీత గీస్తే అది ర ఒత్తును కోసుకుంటూ పోతుంది. ముఖ్యమైన మాటను చూపించాలంటే రంగుల లేయర్ మీద, అంటే అక్షరాల వెనక, లేతరంగు పట్టీ వేయాలి. లేదా ఎడమ పక్క లావుపాటి నిలువు గీత పెట్టాలి. అలాగే డబ్బా ముందు గీసి అందులో మాట ఇరికించకూడదు. తెలుగు మాట ఎంత పొడవొస్తుందో రాసేదాకా తెలియదు. ‘ఆయకట్టు’ పట్టిన డబ్బాలో ‘పునర్విభజన’ పట్టదు. ముందు రాసి, తర్వాత చుట్టూ డబ్బా గీయడమే సరైన వరుస.

గీతను నునుపుచేసే సెట్టింగు దాదాపు అన్ని బొమ్మల యాప్‌లలో ఉంటుంది, ప్రోక్రియేట్‌లో దాన్ని స్ట్రీమ్‌లైన్ అంటారు. వణికే చేతిని అది సరిచేస్తుంది, పొడవాటి గీతలకూ వలయాలకూ వరం లాంటిది. తెలుగు రాతకు మాత్రం అది శత్రువు. మన అక్షరాల్లో తేడాలు చాలా చిన్న గీతల్లో ఉన్నాయి. ద కూ ధ కూ తేడా అడుగునున్న చిన్న గీత. ప కూ వ కూ తేడా తలకట్టు విడిగా ఉందా, అంటుకుందా అన్నది. నునుపుదనం ఎక్కువ పెడితే యాప్ ఆ చిన్న మలుపులను వణుకు అనుకుని చదును చేసేస్తుంది. అందుకే రాతకు ఒక కుంచె, గీతలకు ఒక కుంచె విడిగా ఉండాలి. రాత కుంచెలో నునుపు 10–15 శాతం దాటకూడదు, గీతల కుంచెలో 70 పెట్టినా నష్టం లేదు. ఒత్తిడికి మందం మారే కాలిగ్రఫీ కుంచెలు కూడా మన గుండ్రటి అక్షరాలకు అంత అతకవు. మొదటి నుంచి చివరి దాకా ఒకే మందం పడే కుంచె మేలు.

ఇక మొదట చెప్పుకున్న విభక్తుల సంగతి. ఇది తెలుగుకు వరమే. మన మాటలు ప్రత్యయాలు చేరి పొడుగవుతాయి కాబట్టి, ప్రత్యయాలు తీసేస్తే సగం చోటు మిగులుతుంది. నుంచి, కి, కు, వైపు ఉన్నచోట బాణం. లో ఉన్నచోట మాట చుట్టూ గీత, అంటే ఒకదానిలో ఇంకొకటి. తో ఉన్నచోట రెంటినీ కలిపే అడ్డగీత. కన్నా, కంటే ఉన్నచోట పెద్ద డబ్బా, చిన్న డబ్బా. వల్ల, చేత ఉన్నచోట లావు బాణం, కారణం దగ్గర మొదలై ఫలితం దగ్గర ఆగుతుంది. కానీ, అయితే ఉన్నచోట విరిగిన బాణం. ఇంకా తేలని సంగతికి చుక్కల గీత. ఈ ఏడు గీతలూ చేతికి అలవాటైతే నూరు బొమ్మలు నేర్చుకున్నదానికన్నా ఎక్కువ ఉపయోగం. వీటికి తోడు మనకు కళ్ళు మూసుకున్నా గీయగలిగే వస్తువులు ఓ ముప్పై చాలు: కుండ, తూము, తక్కెడ, గొడుగు, నిచ్చెన, తాళం, ఇల్లు, మనిషి. మనిషికి తల సున్నా, ఒళ్ళు ఒక పొడవాటి డబ్బా, కాళ్ళు రెండు గీతలు, చెయ్యి చూపించే వైపు ఒక గీత.

దగ్గరగా చూద్దాం: కృష్ణా జలాల పంపకం

ఒక నలభై నిమిషాల పాఠం ఉందనుకోండి. విషయం కృష్ణా నీళ్ళ వాటాలు. అంకెలు, రాష్ట్రాలు, ఏళ్ళు, ప్రాజెక్టులు అన్నీ కలగాపులగంగా వస్తాయి. పేజీ ఏ4 అడ్డం.

వెన్నెముకగా నదినే తీసుకోవాలి. పైన ఎడమ మూల మహాబలేశ్వరం, కింద కుడి మూల హంసలదీవి, మధ్య ఒకే ఒక్క వంకర గీత, గీతల కుంచెతో. నది మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దాటి సముద్రంలో కలుస్తుంది. సరిహద్దుల పటం గీయకూడదు, సమయం మింగేస్తుంది. నది గీతను అడ్డంగా కోసే చిన్న గీతలు చాలు. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, ఇవి నది మీద ఏడు అడ్డగీతలు. వరుస తప్పకూడదు, దూరాలు కొలతకు ఉండక్కర్లేదు. ఆ మాట పటం పక్కన రాయాలి, లేకపోతే తర్వాత చూసినవాళ్ళు దూరాలు నిజమనుకుంటారు.

వక్త ఎత్తుల గురించి చెప్పడం మొదలుపెడతారు. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు, సాగర్ 590, పులిచింతల 175, ప్రకాశం బ్యారేజీ 57. వానాకాలంలో పత్రికల్లో రోజూ కనపడే అంకెలే. వీటిని అంకెలుగా రాస్తే నాలుగు అంకెలు. మెట్లుగా గీస్తే శ్రీశైలంలో విడిచిన నీళ్ళు ఎందుకు సాగర్‌కే చేరతాయో, సాగర్ నిండాక పులిచింతల వంతు ఎలా వస్తుందో ఒక్క చూపులో తెలుస్తుంది. ఒక గడికి 50 అడుగులు చొప్పున మెట్ల ఎత్తులు 18 గడులు, 12 గడులు, మూడున్నర, ఒకటి. యాప్‌లో గ్రిడ్ పెట్టుకుంటే లెక్క తప్పదు. మొదటి రెండు మెట్లకూ మిగతా రెంటికీ మధ్య ఉన్న పెద్ద దూకుడు బొమ్మలోనే కనిపిస్తుంది.

అసలు చిక్కు వాటాల దగ్గర. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో (అంటే నూటికి 75 ఏళ్ళు దొరుకుతాయన్న లెక్కతో) నదిలో దొరికే నీళ్ళు 2060 టీఎంసీలని తేల్చింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800. ఇక్కడ చేతికి తోచే మొదటి బొమ్మ మూడు కుండలు, లేదా మూడు వలయాలు. అదే తప్పు. 800 అనేది 560కి 1.43 రెట్లు. వలయం అడ్డుకొలతను 1.43 రెట్లు పెంచితే వైశాల్యం రెండు రెట్లవుతుంది. చూసేవాళ్ళకు ఆంధ్రకు మహారాష్ట్ర కన్నా రెట్టింపు నీళ్ళొచ్చినట్టు కనిపిస్తుంది. అంకె సరైనదే, బొమ్మ అబద్ధం చెబుతోంది. కుండలతో ఈ మోసం ఇంకా ఎక్కువ, కంటికి కుండ లోపలి పరిమాణం తోస్తుంది కాబట్టి.

గడులతో గీస్తే ఈ చిక్కు లేదు. ఒక గడికి 20 టీఎంసీలు. మహారాష్ట్ర 28 గడులు, కర్ణాటక 35, ఆంధ్ర 40. మొత్తం 103 గడులు, అంటే సరిగ్గా 2060. వరుసకు పది చొప్పున, గడి 60 పిక్సెళ్ళైతే మొత్తం 600 వెడల్పు, 660 ఎత్తులో ఇమిడిపోతుంది. వక్త మాట్లాడుతున్నప్పుడు 103 గడులు గీయనక్కర్లేదు. గ్రిడ్ ఎలాగూ ఉంది, మూడు చుట్టుగీతలు గీసి రంగు పోస్తే చాలు. ప్రోక్రియేట్‌లో రంగును లాగి వదిలితే చుట్టుగీత లోపల నిండుతుంది. చుట్టుగీతలో వెంట్రుకంత ఖాళీ ఉన్నా రంగు పేజీ అంతా పారుతుంది, అందుకని మొదలూ చివరా బాగా కలిపి మూసెయ్యాలి.

పునరుత్పత్తి జలాలతో (పొలాలకు పారాక తిరిగి నదిలో చేరే నీళ్ళతో) కలిపి ఉమ్మడి రాష్ట్రం వాటా 811 అయింది. రాష్ట్రం విడిపోయాక 2015లో జరిగిన తాత్కాలిక ఏర్పాటు ప్రకారం ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299. ఈ పంపకం మీద వివాదం నడుస్తూనే ఉంది. అందుకని ఆంధ్ర గడుల మధ్య గీసే విభజన గీత చుక్కల గీత కావాలి. మిగతా మూడు వాటాల గీతలు గట్టివి. పదేళ్ళ తర్వాత పేజీ తెరిచినా ఏది తీర్పో, ఏది తాత్కాలికమో గీతే చెబుతుంది. ‘తాత్కాలిక ఏర్పాటు, వివాదంలో ఉంది’ అన్న నాలుగు మాటలు రాయనక్కర్లేదు, 2015 అన్న ఏడు రాస్తే చాలు.

ఇంతా గీస్తే ఈ పేజీలో దూరాల గురించిన ఆ మాట తప్ప వాక్యం ఒక్కటీ లేదు. ఊళ్ళ పేర్లు, అంకెలు, ఏళ్ళు, కొన్ని రకాల గీతలు.

వింటూ గీసేటప్పుడు

నోటి వేగాన్ని చెయ్యి అందుకోలేదు, అందుకోవాలని చూడకూడదు కూడా. ‘దీనికి మూడు కారణాలు’ అని వినపడగానే మూడు ఖాళీ డబ్బాలు గీసి పెట్టుకోండి, రెండో కారణం జారిపోయినా డబ్బా ఖాళీగా ఉండి గుర్తుచేస్తుంది. ‘అసలు విషయం ఏమిటంటే’, ‘దీనివల్ల’, ‘అలా కాకుండా’ అన్నవి చెయ్యి కదపాల్సిన చోట్లు. ఉదాహరణలూ పిట్టకథలూ వస్తున్నప్పుడు రంగులు పోసుకోవచ్చు, బాకీలు తీర్చుకోవచ్చు. పేజీలో ఐదో వంతు ఖాళీగా ఉంచాలి, ప్రశ్నల సమయంలో చాలాసార్లు కొత్త సంగతి బయటపడుతుంది.

రెండు వేళ్ళతో తట్టి వెనక్కి వెళ్ళే సౌకర్యం చాలా గొప్పది, వింటున్నప్పుడు మాత్రం చాలా ప్రమాదకరమైనది. ఒక వలయాన్ని నాలుగుసార్లు చెరిపి గీస్తున్నంతసేపూ చెవులు పనిచేయవు. పాఠం జరుగుతున్నప్పుడు ఒక్కసారికి మించి వెనక్కి వెళ్ళకూడదని నియమం పెట్టుకోండి. తప్పు పోతే అడ్డగీత కొట్టి ముందుకు సాగాలి. అందం తర్వాత చూసుకోవచ్చు.

టాబ్లెట్ నిజంగా కాగితాన్ని మించేది గీసినదాన్ని జరపడంలో. మూల ఇరుకైపోయిందనుకోండి, ఆ భాగం చుట్టూ గీత గీసి ఎంచుకుని పక్కకు లాగొచ్చు. అయితే ప్రోక్రియేట్, క్రిటా లాంటివాటిలో గీసినవి పిక్సెళ్ళుగా ఉంటాయి. చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి, మళ్ళీ తిప్పితే ప్రతిసారీ కొంత మసకబారుతుంది. జరపడానికి నష్టం లేదు, కొలత మార్చడం ఒక్కసారితో సరిపెట్టుకోవాలి. కాన్సెప్ట్స్‌లో గీతలు వెక్టర్లు (చుక్కలుగా కాక లెక్కలుగా దాచిన గీతలు) కాబట్టి ఎన్నిసార్లు మార్చినా పాడవవు.

మొదలుపెట్టేముందు అర నిమిషంలో అయ్యే పనులు: నోటిఫికేషన్లు ఆపడం, తెర దానంతటది ఆరిపోయే గడువు పెంచడం, వేలితో గీత పడకుండా సెట్టింగు మార్చడం. ఆఖరిది చెయ్యకపోతే అరచెయ్యి తగిలి పేజీ మీద పొడవాటి గీతలు పడతాయి, అవి మూల దాక్కుని అచ్చు వేసినప్పుడే బయటపడతాయి.

తర్వాతి పావుగంట

పాఠం అయిన రోజే, నిద్రపోయేలోపు, ఒక పావుగంట కేటాయించాలి. ఖాళీ డబ్బాలు నింపడం, అంకెలు సరిచూడటం, లేత బూడిద నీడలు వేయడం. కొత్త బొమ్మలు చేర్చకూడదు, అది అలంకరణ వైపు లాక్కుపోతుంది.

తెలుగు చేతిరాతను యాప్ వెతికి పెడుతుందని నమ్ముకోకండి. బొమ్మల యాప్‌లలో రాత కూడా బొమ్మే. ఫైలు పేరులోనే విషయం, ముఖ్యమైన పేరు, అంకె తెలుగులో టైపు చేయాలి: ‘కృష్ణా వాటాలు, బచావత్, 2060’ అని. ఫైలు పేరు వెతికితే దొరుకుతుంది. ప్రోక్రియేట్‌లో గీసినవి టాబ్లెట్‌లోనే ఉంటాయి, యాప్ తీసేస్తే వాటితో పాటే పోతాయి. నెలకొకసారి పీడీఎఫ్‌గానూ, లేయర్లతో సహా అసలు ఫైలుగానూ వేరేచోట దాచాలి.

ఇక లేయర్లను విడదీయమన్నందుకు కారణం. మూడు రోజుల తర్వాత పేజీ తెరిచి, రాత లేయర్‌ను కనపడకుండా చేయండి. నది, అడ్డగీతలు, మెట్లు, గడులు మిగులుతాయి. ఏ గీత ఏ ప్రాజెక్టు, ఏ గడులు ఎవరివి, చుక్కల గీత ఎందుకు, గట్టిగా చెప్పుకుంటూ వెళ్ళండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ బొమ్మ పని చేయలేదని అర్థం. రాత లేయర్ మళ్ళీ తెరిచి, జవాబు చూసి, ఆ ఒక్క చోటు మళ్ళీ గీయండి. తర్వాత తిరగేసి, బొమ్మల లేయర్ మూసి, రాత మాత్రం చూస్తూ బొమ్మను ఖాళీ కాగితం మీద గీయండి. రెండు వైపుల నుంచీ ఆగకుండా వచ్చిన పేజీని పదిహేను రోజుల దాకా తెరవనక్కర్లేదు.